బావగారు తగలబెట్టిన పత్రికలు

పాప పడుకుంది. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, చల్లగానే ఉంది. కాసేపాగి మళ్లీ వేస్తాను. జ్వరం లేని పిల్లకు కూడా జ్వరం చూసే తల్లిని నేను. పక్క వాటాలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఉంటారు. ఆయనకూ నాకూ మధ్య ఒక్క ఇటుక గోడ. ఆ మనిషి మీద నాకు కోపం ఎందుకు వచ్చిందో, దాన్ని ఎలా తీర్చుకున్నానో రాయాలని కూర్చున్నాను. "మనసులో పెట్టుకోకమ్మా" అని నాకు చాలామంది చెప్పారు. పెట్టుకున్నాను. పెట్టుకుని బాగానే ఉన్నాను.

మాది కశింకోట వైపు చెరకు పండించే ఇల్లు. చిన్నప్పుడు కనుమ నాడు ఊరంతా బొజ్జన్నకొండకు వెళ్లేది. అక్కడ పెద్ద పొట్ట ఉన్న ఒక రాతిబొమ్మను రాక్షసుడని అందరూ రాళ్లతో కొట్టేవారు. నేనూ కొట్టేదాన్ని. డిగ్రీలో మా హిస్టరీ మేడం అదే కొండకు తీసుకెళ్లి, ఇది బౌద్ధ సన్యాసులు ఉన్న చోటని, ఇవి వాళ్ల గదులని, ఇక్కడ కూర్చుని వాళ్లు అన్నం తిన్నారని చెప్పింది. నాకు ఒళ్లు జలదరించింది. మనం నడిచే నేల కింద ఇంకొకళ్ల వంటిల్లు ఉండొచ్చు అన్న మాట అప్పటినుంచి నన్ను వదల్లేదు.

డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, రోజూ షేర్ ఆటోలో ఎదురుగా కూర్చునే అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఆయనకు గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మా నాన్న కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. అది పెద్ద కథ కాదు. అసలు కష్టం చర్చిలో మొదలైంది. అక్కడ అందరికీ అన్నీ నోటికి వచ్చు. ఏ పాట ఏ నంబరో, ఏ ప్రవక్త తర్వాత ఏ ప్రవక్తో, పాకే పిల్లలకు కూడా తెలిసినట్టుండేది. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కునేసరికి పాట అయిపోయేది. ఆ ఊళ్లూ ఆ రాజులూ నా తలకెక్కేవి కావు.

ఎక్కించినవి ఆ పత్రికలు. ప్రసంగ వేదిక వెనక చిన్న గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. ఏ దేశంలోనో ఉన్న ఒక చర్చివాళ్లు చదివేసిన పత్రికలను కట్టలు కట్టి మా చర్చికి పంపేవారట. అన్నీ ఇంగ్లీషు. బైబిల్లో ఉన్న ఊళ్లను తవ్వినప్పుడు ఏం దొరికిందో రాసే పత్రికలు. మందంగా, నున్నగా, పేజీ తిప్పితే చల్లగా తగిలే కాగితం. మా చర్చి ఆడవాళ్లు ఎండాకాలంలో వాటితో విసురుకునేవారు, సండే స్కూలు పిల్లలకు అట్టలు వేయడానికి చింపేవారు. అప్పటికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, మెత్తటి మనిషి, నేను ఒకటి తిరగేస్తుంటే చూసి, "చదివేవాళ్లుంటే తీసుకెళ్లండమ్మా, చెదపురుగుల కంటే మీరు నయం కదా" అన్నారు.

మొదటిసారి మోయగలిగినన్ని మోసుకొచ్చాను. నేను కడుపుతో ఉన్నప్పుడు మొదలైన చదువు, పాప పుట్టి పాలు తాగుతున్నప్పుడు కూడా సాగింది. ఎడమ చేత్తో పిల్లను పట్టుకుని కుడి చేత్తో పేజీ తిప్పేదాన్ని. బ్రష్షుతో మట్టి తుడుస్తూ బోర్లా పడుకున్న కుర్రవాళ్లు, విరిగిన కుండపెంకును భూతద్దంలో చూసే ముసలాయన, ఒక మట్టిదిబ్బను నిలువునా కోసి ఒక ఊరి కింద ఇంకో ఊరు, దాని కింద ఇంకోటి చూపించిన బొమ్మ. దీపపు ప్రమిద ఉండేది, అచ్చం మనదే, మూతి దగ్గర మసితో సహా. వెనక పేజీల్లో పండితులు ఒకరినొకరు తిట్టుకునేవారు. "ఆయన లెక్క వంద సంవత్సరాలు తప్పు" అని ఒకరు, "ఆయన కళ్లద్దాలు మార్చుకోవాలి" అని ఇంకొకరు. అవి చదివి నేనొక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఆదివారం పాస్టరుగారు ఏదైనా ఊరి పేరు చెబితే, ఆ ఊరి నూతి మెట్లు ఎలా ఉండేవో నాకు తెలుసు అని గర్వంగా ఉండేది. పాటలు రాకపోతేనేం.

ఇంగ్లీషు మీడియంలో చదవలేదు కనుక నాకు కష్టంగానే ఉండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ప్రతి బొమ్మ పక్కనా పెన్సిలుతో తెలుగులో రాసుకునేదాన్ని. అర్థమైంది రాసేదాన్ని, అర్థం కాకపోతే నాకు తోచింది రాసేదాన్ని. "ఇది మన తిరగలి లాంటిదే", "ఈ పొయ్యి మా అమ్మ పొయ్యి కంటే చిన్నది", ఇలాంటివి. ఎవరూ చూడరనే కదా.

అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది ఒక వ్యాసం. పాతకాలపు ఇళ్ల నేల తవ్వితే కింద కుండలు దొరికాయి. కుండల్లో పసిపిల్లల ఎముకలు. పురిట్లోనో, ఏ జ్వరానికో పోయిన పిల్లల్ని ఆ తల్లులు ఊరవతల పెట్టలేక, తాము రోజూ తిరిగే గదిలోనే నేల కింద పెట్టుకున్నారని రాశారు. ఒక కుండను సగానికి కోసి చూపించారు. లోపల ముడుచుకుని పడుకున్నట్టే ఉన్నాయి ఆ ఎముకలు. ఆ పేజీ చూసినప్పుడల్లా లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. భయమేస్తే మూసేయొచ్చు కదా అంటారు. ఆ తల్లులకు నాకంటే ఎక్కువ భయం ఉండేదని, వాళ్లూ ఇలాగే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి ఉంటారని అనిపించేది. నాకు ఆ తోడు కావాలి. మూసేసేదాన్ని కాదు.

ఇక బావగారు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద. పాస్టరుగారు పల్లెల సంఘాలకు వెళ్లిన రోజున వాక్యం చెప్పేది ఆయనే. మా ఇంట్లో తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడరు. నేనూ ఆయనతో మాట్లాడకూడదు. ఆయన ఏదైనా అనాలంటే మా అత్తగారితోనో, తోటికోడలితోనో, ఎవరూ లేకపోతే గోడతోనో అంటారు. నేను జవాబు చెప్పాలన్నా అంతే. మర్యాద అంటారు దాన్ని. మర్యాద వల్ల ఎవరికి లాభమో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది.

పాపకు అప్పటికి ఏడాది దాటింది. పొద్దుటినుంచి ఒళ్లు కాలిపోతోంది. సెలవు రోజు, బావగారు ఇంట్లోనే ఉన్నారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ ఆయన దగ్గరే. పాలు తాగుతూ తాగుతూ పిల్ల ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కళ్లు పైకి తిరిగిపోయాయి, చేతులు కొట్టుకుంటున్నాయి.

"ఓలమ్మో! గుంట కళ్లు తిప్పేసింది! తాళాలగుత్తి ఎట్టండి సేతిలో!" అని అత్తగారు అరిచింది.

ఎదురింటి వాళ్లు ఆటో పిలిచారు. గుమ్మంలోకి వచ్చి ఆగింది కూడా. పిల్లను ఎత్తుకుని లేచాను. బావగారు నూనె సీసాతో వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ప్రార్థన చేసి ఉంచిన ఒలీవ నూనె అది.

"అమ్మా, ఆ అమ్మాయికి సెప్పు. ముందు ప్రార్థన. డాక్టరెక్కడికీ పారిపోడు."

"అత్తయ్యా, తప్పుకోమనండి! వెళ్లాలి!"

అప్పుడే ఆయన కళ్లు మంచం మీద పడ్డాయి. పత్రిక తెరిచే ఉంది. ఆ పేజీయే.

"ఇదేటమ్మా? సచ్చిన పిల్ల ఎముకల బొమ్మా? పక్కమీద ఎట్టుకుని పిల్లకి పాలిత్తందా నీ కోడలు? ఇంకెలగొత్తాది జబ్బు, పోస్టులో వత్తాదా?"

అత్తగారు ఆ బొమ్మ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుంది. బావగారు నుదుటి మీద నూనె రాశారు. అక్కడితో ఆగితే నేను ఈ రాత రాసేదాన్ని కాదు. కొట్టుకుంటున్న పిల్ల నోరు వేలితో తెరిచి, లోపల నూనె పోశారు. పాపకు పొరబోయింది. పెదవులు నీలంగా అయ్యాయి. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, లోపల ఆయన గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తులేదు. అత్తగారి చేతిలోంచి పిల్లను లాక్కుని, ఆయన్ను భుజంతో తోసుకుని బయటపడ్డానని తర్వాత ఎదురింటావిడ చెప్పింది.

మెయిన్ రోడ్డు మీది పిల్లల డాక్టరమ్మ పాపను పక్కకు తిప్పి, నోరు తుడిచి, నా వైపు చూసి, "ఏం పోశారు? నూనెనా? మీరు చదువుకున్నవారేనా?" అంది. తిట్లన్నీ నేనే తిన్నాను. కొందరు పిల్లలకు జ్వరం బాగా ఎక్కితే ఇలా వస్తుందని, భయపడాల్సింది ఏమీ లేదని, నోట్లో మాత్రం ఏమీ వేయొద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే తీసుకురావాలని చెప్పింది. చివరికి ఇంకో మాట అంది: "మళ్లీ రావచ్చు. అయిదారేళ్లు వచ్చేదాకా జాగ్రత్త."

మళ్లీ రావచ్చు. ఆ మాటతో ఇంటికి వచ్చాను. మళ్లీ వచ్చిన రోజున ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడతారు? నాకు కావలసింది అదొక్కటే: పిల్లను ఎత్తుకుని పరిగెత్తడానికి దారి. ఇంట్లో ఎవరూ అది మాట్లాడలేదు. అందరూ ఎముకల బొమ్మ గురించే మాట్లాడారు. ప్రార్థన సగంలో ఉండగా తోసుకుని వెళ్లానని, అయినా పిల్ల బతికిందంటే ఆ నూనె మహిమేనని తేలింది. జబ్బు నా వల్ల, బాగుపడటం ఆయన వల్ల.

బావగారు గోనెసంచి తెచ్చి నా పత్రికలన్నీ అందులో వేసుకుని వెళ్లారు. పెరట్లో పొగ వచ్చింది. "తగలెట్టేసేను. ఇంటికి పట్టిన పీడ వొదిలింది" అని వాళ్లమ్మతో, నాకు వినబడేలా అన్నారు. అంతటితో సరిపోలేదు. సంఘం ముందు నేను ఒప్పుకోవాలన్నారు. మా ఆయన్ను అడిగాను.

"మాటలే కదా, అనేసెయ్యి. అన్నయ్య నాకు నాన్న తర్వాత నాన్న. గొడవెందుకు?"

అనేశాను. ఆదివారం సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు చేసిన మేలు ఎవరికి వారు లేచి చెప్పుకునే సమయంలో, ముసుగు వేసుకుని, పిల్లను చంకలో పెట్టుకుని నిలబడి, బావగారు తోటికోడలి చేత చెప్పించిన మాటలు అప్పజెప్పాను: చనిపోయినవారి బొమ్మలు ఇంట్లో ఉంచాను, అందువల్ల నా బిడ్డకు జబ్బు చేసింది, నన్ను క్షమించండి. ప్రతి మాటకూ సంఘం "ఆమెన్" అంది. అంత గట్టిగా అంతకు ముందెప్పుడూ వినలేదు. బయటికి వస్తుంటే ఒకావిడ తన పసిపిల్ల ముఖం మీద కొంగు కప్పింది, నా చూపు తగలకుండా.

ఆ తర్వాత పాపకు ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా అత్తగారు, "ముందు పెద్దోడికి కబురెట్టండి" అనేది. నేను జ్వరాన్ని దాచడం నేర్చుకున్నాను. థర్మామీటరు బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని. మందు పోస్తుంటే ఎవరైనా అడిగితే జలుబని చెప్పేదాన్ని. కన్నబిడ్డ జ్వరాన్ని దొంగసొత్తులా దాచాల్సి వచ్చిన మనిషికి క్షమించమని చెప్పేవాళ్లు ఒక్కరోజు అలా దాచి చూడాలి.

మరుసటి ఏడు శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ సాయంత్రం పూట రోజుకొక ఇంట్లో కూడిక పెడతారు. చాపలు వేస్తారు, పాటలు, వాక్యం, చివర టీ. ఒక సాయంత్రం ఎదురింటివాళ్ల ఇంట్లో. బావగారు వాక్యం చెబుతున్నారు. ప్రభువు చివరి రాత్రి ప్రార్థించిన గెత్సేమనే తోట గురించి. నేను వెనక, గుమ్మం పక్కన, పాపకు బిస్కెట్టు ముంచి పెడుతున్నాను.

"గెత్సేమనే అంటే ఏమిటి? నూనె గానుగ. విదేశాల్లో గొప్ప గొప్ప శాస్త్రవేత్తలు తవ్వి చూశారు సహోదరులారా. ఏమి కనుగొన్నారు? ఆ గానుగ అచ్చంగా మన కశింకోట చెరకు గానుగ వంటిదే!"

చేతిలో బిస్కెట్టు టీలో జారిపోయింది.

"ఆ గానుగను తిప్పినది గాడిద అని కొందరు అనుకుంటారు. కాదు. ఒక ఎర్ర ఎద్దు! కుడి ముందుకాలు కుంటిది! కుంటుతూనే తిప్పేది. మేత మాత్రం తన వాటా తాను తినేది!"

ఏ శాస్త్రవేత్త కనుగొన్నాడు మా నాన్న ఎర్ర ఎద్దును? ఊళ్లో అందరూ ఇంజన్లు పెట్టినా మా నాన్న చాలాకాలం ఎడ్లతోనే గానుగ ఆడాడు. అందులో ఒకటి కుంటిది. నా పత్రికల్లో ఒకదానిలో ఒలీవ గానుగ బొమ్మ పక్కన నేనే పెన్సిలుతో రాసుకున్నాను: "అచ్చంగా కశింకోట చెరకు గానుగ. దీనికి గాడిద కాదు, ఎర్ర ఎద్దు, కుడి ముందుకాలు కుంటిది, కుంటుతూనే తిప్పేది, మేత మాత్రం తన వాటా తాను తినేది." బావగారికి ఇంగ్లీషు అంతగా రాదు. ఇంగ్లీషు వదిలేసి పక్కనున్న తెలుగు చదువుకున్నారు. అది కింద అచ్చువేసినదానికి అనువాదమనుకున్నారు.

అంటే పత్రికలు కాలలేదు. పెరట్లో కాలింది కొబ్బరాకులు. నా చేత సంఘం ముందు తల వంచించి, నా పిల్లకు జబ్బు తెచ్చాయన్న ఆ పుస్తకాలనే గోడ అవతల పెట్టుకుని, నేను పాలిస్తూ రాసుకున్న మాటలతో ఆయన పండితుడయ్యారు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత చెవులు వేడెక్కాయి. తర్వాత చాలా ప్రశాంతంగా అయిపోయాను. ఇంత ప్రశాంతత నాకు ప్రార్థనలో ఎప్పుడూ రాలేదు.

అక్కడే లేచి అడగొచ్చు. పది మంది ఉన్న గది. "ఆడపిల్లకి తెలవక అంది" అని టీ ఇచ్చి పంపేస్తారు. నాకు పది మంది చాలరు. నేను ఒప్పుకున్నది సంఘం అంతటి ముందు. కనుక మర్నాడు తోటికోడలితో బట్టలు ఆరేస్తూ అన్నాను.

"అక్కా, నిన్న బావగారు గానుగ గురించి ఎంత బాగా చెప్పారు! నాకు కన్నీళ్లొచ్చాయి. గుడ్ ఫ్రైడేకి వైజాగ్ నుంచి పెద్దలు వస్తారు కదా, వాళ్లు వినాల్సిన మాట అది."

"అవునేటి? నీకంత నచ్చిందా?" ఆవిడ పొంగిపోయింది. "ఉండు, ఆయనకి సెప్తాను. నువ్వు మెచ్చుకున్నావంటే ఎగిరి గంతేత్తాడు."

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని వివరిస్తారు. ఆ సంవత్సరం బావగారికి వచ్చింది అయిదో మాట, దాహం గురించినది. దాహానికీ గానుగకూ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ రెండు నిమిషాల్లో ఆయన తోటకు చేరుకున్నారు, మూడో నిమిషంలో ఎద్దును కట్టారు. ఈసారి ఎద్దు ఇంకా ఎక్కువ కుంటింది. "ఆ మూగజీవి కుంటుతూ కూడా ఆగలేదు సహోదరీ సహోదరులారా! మనం ఆగుతున్నాము!" వైజాగ్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తల ఊపారు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

ఈస్టరు ఆదివారం సాక్ష్యాలకు పాస్టరుగారు పిలవగానే లేచాను. సాక్ష్యం చెప్పేవాళ్లను మధ్యలో ఎవరూ ఆపకూడదు. దేవునికి వందనం చెబుతున్న మనిషి నోరు ఎలా మూస్తారు? బావగారితో నేరుగా ఒక్క మాట మాట్లాడే వీలు లేని నాకు, ఆయన ఎదుట నిలబడి గొంతెత్తే చోటు అదొక్కటే. పోయిన ఏడు నన్ను నిలబెట్టిన చోటే నిలబడ్డాను, అదే ముసుగుతో, పిల్ల చంకలో.

"దేవునికి స్తోత్రం. సంఘానికి వందనాలు. పోయిన ఏడు నా పుస్తకాల వల్ల నా బిడ్డకు జబ్బు చేసిందని ఇక్కడే ఒప్పుకున్నాను."

"ఆమెన్" అంది సంఘం.

"ఆ పుస్తకాలను మా బావగారు తీసుకెళ్లి తగలబెట్టారు."

"ఆమెన్!"

"మంట అంటుకున్నా కాలిపోని పొద గురించి మనం విన్నాం. మా ఇంట్లో కూడా దేవుడు అలాంటి అద్భుతం చేశాడు. ఆ పుస్తకాలు కాలలేదు."

"స్తోత్రం!" అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో గట్టిగా అన్నారు. బావగారి కాలు ఊగడం ఆగిపోయింది.

"గుడ్ ఫ్రైడే నాడు బావగారు ఆ పుస్తకాల్లోంచే మనకు వాక్యం వివరించారు. కశింకోట గానుగ, ఎర్ర ఎద్దు, అన్నీ. అవి నేను పెన్సిలుతో రాసుకున్న మాటలు. ఆ కుంటి ఎద్దు మా నాన్నది. మా నాన్న ఎద్దును ఇంత గొప్ప సభలో నిలబెట్టినందుకు బావగారికి మా పుట్టింటివారి తరఫున కూడా వందనాలు."

ఈసారి ఆమెన్ రాలేదు. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. అది పాకింది. పాస్టరుగారు కళ్లు తెరిచారు. నేను ఆపలేదు, ఎందుకంటే ఇదంతా చివరి మాట కోసం.

"ఆ పుస్తకాలు సంఘ పెద్దలకే ఆశీర్వాదమయ్యాయంటే, వాటివల్ల నా బిడ్డకు జబ్బు రాలేదని దేవుడు చూపించాడు. డాక్టరమ్మ ఏం చెప్పిందంటే, ఫిట్స్ వచ్చినప్పుడు పిల్ల నోట్లో నూనె గాని, నీళ్లు గాని పోయకూడదు. పోస్తే పిల్ల పోతుంది. వెంటనే తీసుకెళ్లాలి. ఏ తల్లినీ ఎవరూ తలుపు దగ్గర ఆపకుండా దేవుడు మనకు సహాయం చేయును గాక."

తర్వాత వెనకనుంచి, పోయిన ఏడు కొంగుతో పిల్ల ముఖం కప్పిన ఆవిడే, "ఆమెన్" అంది. ఆవిడ వెనక మిగతా ఆడవాళ్లు అన్నారు. చివరికి పాస్టరుగారు కూడా అన్నారు. సంఘం అంతా ఆమెన్ అన్న మాటను ఏ పెద్దా వెనక్కి తీసుకోలేడు.

"పెద్దగారూ, ఆ పుస్తకాలు ఉన్నాయాండీ?" అని పాస్టరుగారు మెల్లగా అడిగారు.

"ఉన్నాయండి... పరిశీలన కోసం ఉంచేనండి" అన్నారు బావగారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

సాయంత్రానికి గోనెసంచి మా గుమ్మంలో పడింది. "తీసుకోయే నీ ఎముకలు! పొగిడి పొగిడి గొయ్యి తవ్వేవు కదే!" అంది తోటికోడలు. "నేను తవ్వలేదక్కా, మీతో పాటు బట్టలు ఆరేశానంతే" అన్నాను. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు అన్నం తింటూ ఉన్నట్టుండి, "మీ నాన్నకి తెలుసా, ఆ ఎద్దు సంగతి?" అని నవ్వాపుకోలేకపోయారు. పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఆవిడ బుట్ట దించుతూనే అడిగింది.

"ఏటమ్మా, మీ ఎద్దు సర్చిలో పెసంగం సెప్పిందంట కదా! నిజవేనేటి?"

"ఎద్దు సెప్పలేదు, ఎద్దు గురించి సెప్పేరు," అంది అత్తగారు కసిరినట్టు. "ముందు సేప సూపించు."

బావగారు ఆ తర్వాత చాలాకాలం వాక్యం చెప్పలేదు. వీధిలో పిల్లలు ఆయన వెనక కుంటుతూ నడిచేవారు. ఒకసారి కిటికీలోంచి చూశాను. పిల్లలను కసరాలనిపించలేదు. పెద్దమనిషి, పాపం, అని నాకు జాలి వేయాలని చాలామంది ఎదురుచూశారు. నీలంగా మారిన పెదవులు చూడనివాళ్లు వాళ్లంతా. కిటికీ తెరిచే ఉంచాను.

వర్షాకాలంలో పాపకు మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి దాచలేదు. తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను, మందు వేశాను. మధ్యాహ్నానికి మళ్లీ అలాగే బిగుసుకుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అత్తగారు తాళాలగుత్తి తీసింది, నా వైపు చూసింది, మళ్లీ మేకుకు తగిలించేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి తనే ఆటో ఆపింది.

పిల్లను భుజాన వేసుకుని గుమ్మం దిగేసరికి బావగారు గేటు దగ్గర ఉన్నారు. చేతిలో నూనె సీసా. అడ్డంగా నిలబడ్డారని చెప్పను, పక్కకు జరిగారనీ చెప్పలేను. గేటు చిన్నది.

"అమ్మా, ఒక్క నిమిషం ప్రార్థన..."

"తప్పుకోరా నాన్నా!" అంది అత్తగారు. "పిల్లని బేగి తీసుకెళ్లనీ. నువ్వు ఇక్కడే నిలబడి సేసుకో పార్దన, దేవుడికి ఆటోలో ఉన్నోళ్లు కనబడరేటి?"

ఆయన తప్పుకున్నారు. గేటుకు వీపు ఆనించి, సీసా వెనక పెట్టుకుని, మాకు దారి ఇచ్చారు. ఆటో ఎక్కాం. సందు మలుపు దాకా పిల్ల ఊపిరి నా మెడ మీద తగులుతూనే ఉంది, వెచ్చగా, సరిగా. వెనక్కి తిరిగి చూసినందుకు ఉప్పు స్తంభమైపోయిన ఒక ఇల్లాలి కథ చర్చిలో ఎన్నోసార్లు విన్నాను. నేను తిరిగి చూశాను. వానలో ఆయన అక్కడే ఉన్నారు. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా తృప్తిగా చూస్తూనే ఉన్నాను.